మీరు అడిగారు: జపాన్ వాళ్లకి మన ఇంగ్లీషు ఎందుకు వినపడదు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. సాయంత్రాలు ఆన్‌లైన్లో జపాన్ వాళ్లకి ఇంగ్లీషు చెబుతున్నాను. అందరూ ఉద్యోగస్తులే. పేజీ ఇస్తే గడగడా చదివేస్తారు, గ్రామర్లో నాకే తప్పులు పడతారు. అదే నేను మామూలుగా నాలుగు ముక్కలు మాట్లాడితే తెల్లమొహం వేస్తారు. నా తెలుగు యాస వల్లేమోనని టెన్షన్‌గా ఉంది. అమెరికన్ యాస నేర్చుకోమంటారా?

జవాబు: వద్దండీ, ఆ జోలికి పోకండి. మీ యాస వల్ల కొంత ఇబ్బంది ఉండొచ్చు, కాదనను. వాళ్లు స్కూల్లో విన్న రికార్డింగులు ఎక్కువగా అమెరికన్ గొంతులవి, మన ట, డలు వాళ్లకి కొత్త. కానీ అమెరికా వాడు మాట్లాడినా వాళ్ల అవస్థ పెద్దగా తగ్గదు, ఎందుకంటే అసలు చిక్కు చెవి దగ్గరే ఉంది.

జపనీస్‌లో అచ్చులు ఐదే. హల్లు వచ్చిందంటే, 'న్' లాంటి ఒకటి రెండు తప్ప, వెనకాలే అచ్చు రావాల్సిందే. అందుకే ఇంగ్లీషులో ఒక్క ఊపున పలికే 'స్ట్రైక్' వాళ్ల దగ్గర సు-తొ-ర-ఇ-కు అని ఐదు ముక్కలవుతుంది. నవ్వకండి, బస్‌ని బస్సు, రోడ్‌ని రోడ్డు చేసుకున్నవాళ్లం మనం! కాకపోతే వాళ్లకి ఆ అచ్చు నోటితో పాటు చెవిలో కూడా పుడుతుంది. 1999లో వచ్చిన ఒక పరిశోధనలో 'ఎబ్జో' లాంటి అర్థంలేని మాటలు వినిపిస్తే ఫ్రెంచ్ వాళ్లు ఉన్నదున్నట్టు విన్నారు, జపాన్ వాళ్లు మాత్రం మధ్యలో లేని 'ఉ'ని చేర్చుకుని 'ఎబుజో' అని విన్నారు. మరి ఐదు ముక్కల మాట కోసం కాచుకున్న చెవికి మీ ఒక్క ఊపు మాట ఎప్పుడొచ్చి ఎప్పుడెళ్లిందో ఏం తెలుస్తుంది?

ఇక 'రైట్', 'లైట్' గొడవ. ర, ల రెండింటికీ కలిపి వాళ్లకి ఒకటే శబ్దం. పుట్టుకతో వచ్చిన లోపం కాదిది, ఆరేడు నెలల జపాన్ పసిపిల్లలు ఆ తేడా పట్టగలరు, ఏడాది నిండేసరికి ఆ పట్టు సడలిపోతుంది. మనకీ అలాంటివి ఉన్నాయి. పడమర దిక్కుని చెప్పే 'వెస్ట్', బనియన్‌ని చెప్పే 'వెస్ట్', ఈ రెండూ ఇంగ్లీషులో వేరువేరుగా మొదలవుతాయి, మనలో చాలామందికి రెండూ ఒకటే.

పెద్దయ్యాక కూడా చెవికి నేర్పొచ్చు. 1991లో ఇండియానా యూనివర్సిటీ వాళ్లు జపాన్ వాళ్లకి ర, ల మాటలు ఐదుగురి గొంతుల్లో వినిపించి, తప్పా ఒప్పా అక్కడికక్కడే చెబుతూ కొన్ని వారాలు సాధన చేయిస్తే మెరుగుపడ్డారు. తర్వాత ఒక్కరి గొంతుతోనే చేయించి చూస్తే ఆ గొంతు వరకే పనికొచ్చింది, కొత్త గొంతుకి పనికిరాలేదు. కాబట్టి మీ ఒక్కరి రికార్డింగులే ఇవ్వకుండా మీవారినీ, మరిదినీ, పక్కింటి ఇంజినీరింగ్ కుర్రాణ్ణీ పట్టుకుని అవే మాటలు చెప్పించండి.

ఇంకోటి, ముందే పేజీ చూపించకండి. 'వాట్ డిడ్ యు' అని పేజీ మీద మూడు మాటలు చూసిన మనిషి, మీ నోట్లోంచి వచ్చే 'వాడిడ్యూ'లో ఆ మూడింటినీ వెతుక్కుంటూ కూర్చుంటాడు. ముందు వినిపించి, తోచింది రాయించి, అప్పుడు పేజీ చూపించి, మళ్లీ వినిపించండి. మాటా మాటా విడగొట్టి నెమ్మదిగా చెప్పడం వల్ల ఆ పూట గడుస్తుంది గానీ చెవి ఎదగదు. మామూలు వేగంలోనే చెప్పి, వాక్యాల మధ్య కాస్త ఎక్కువసేపు ఆగండి. నలభైలు దాటిన వాళ్లతో మరీ ఓపిక పట్టాలి, అక్కడ దేశమంతటికీ జరిగే యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో లిజనింగ్ పెట్టిందే 2006లో.

ప్రశ్న: అచ్యుతాపురంలో సూపర్‌వైజర్‌ని. మెటీరియల్ ఇంకా రాలేదా అని జపాన్ ఇంజినీరు గారిని ఇంగ్లీషులో అడిగితే 'యెస్' అన్నారు. వచ్చిందనుకుని కుర్రాళ్లని లైన్ మీదకి పిలిచేశాను, తీరా చూస్తే రాలేదు. వినపడకుండానే యెస్ అంటారా?

జవాబు: ఒక్కోసారి అంటారు. తల ఊపి యెస్ యెస్ అంటే 'వింటున్నాను, చెప్పండి' అని కూడా కావచ్చు. కానీ ఇక్కడ ఆయనకి బాగానే వినపడింది. 'రాలేదా?' అంటే మీరైనా 'అవును, రాలేదు' అనరూ? జపనీస్‌లోనూ అంతే. ఇంగ్లీషులో మాత్రం అక్కడ 'నో' అనాలి. ఇకనుంచి 'వచ్చిందా?' అని సూటిగా అడగండి.

అంకెలు మాత్రం నోటిమాటగా వదిలేయకండి, ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఎవరికైనా పొరపాటు పడేవే. పైగా వాళ్లు పెద్ద లెక్కలు పదివేల చొప్పున కడతారు, మన ఇరవై లక్షలంటే వాళ్లకి పదివేలు రెండు వందల సార్లు. మీరు 'ట్వంటీ లాక్స్' అనగానే ఆయన ఇంగ్లీషు వినాలి, లక్ష అంటే ఎంతో గుర్తు చేసుకోవాలి, పదివేలల్లోకి మార్చుకోవాలి, ఈలోగా మీరు తర్వాతి పాయింట్‌కి వెళ్లిపోతారు. సున్నాలతో సహా బోర్డు మీద రాసేయండి.