తాగుడు మానేసి 23 రోజులైంది, ఈ గాబరా ఎప్పుడు తగ్గుతుంది?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 39 ఏళ్లు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బజారులో చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాను. పన్నెండేళ్లుగా రోజూ రాత్రి తాగేవాణ్ని. మొదట్లో క్వార్టరు, గత మూడేళ్లుగా హాఫ్. మానేసి 23 రోజులైంది. మొదటి నాలుగు రోజులు చేతులు వణికి, చెమటలు పట్టాయి. మా వీధి ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు ఎక్కించుకున్నాను. వణుకు పోయింది, గాబరా పట్టుకుంది. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చి గుండె దడదడలాడుతుంది. ఏదో కీడు జరుగుతుందని భయం. గుండె జబ్బేమోనని ఈసీజీ తీయించాను, బాగానే ఉందన్నారు. స్నేహితులు ‘రెండు పెగ్గులు వేస్తే అదే పోతుంది’ అంటున్నారు. మా ఆవిడ కూడా నిన్న ‘తాగినప్పుడే మీరు మనిషిలా ఉండేవారు’ అంది. మెడికల్ షాపులో ఇచ్చిన నిద్రమాత్రతో కొంచెం నయంగా ఉంటోంది. వాడుకోవచ్చా? ఇది జీవితాంతం ఇలాగే ఉంటుందా? వచ్చే నెల గుణుపురంలో మా బావమరిది పెళ్లి. అక్కడ ఎలా నెట్టుకొస్తానో తెలియడం లేదు.

జవాబు: జీవితాంతం ఉండదు. అన్నిటికంటే ముందు ఈ మాట చెప్పాలి. మీరు రాసిన దడ, తెల్లవారుజాము మెలకువ, కారణం లేని భయం, రోజూ తాగి మానేసినవారిలో చాలామందికి మొదటి వారాల్లో వచ్చేవే. ఇది మీ పిరికితనం కాదు, మనసు బలహీనతా కాదు.

మీరు కొట్టు నడిపే మనిషి కాబట్టి తక్కెడతోనే చెబుతాను. మన మెదడులో నరాలను శాంతపరిచే రసాయనాలు ఒక పళ్లెంలో, ఉరకలెత్తించేవి మరో పళ్లెంలో ఉంటాయి. మద్యం రోజూ వచ్చి శాంతపరిచే పళ్లెంలో కూర్చుంటుంది. ముల్లు మధ్యకు తెచ్చుకోవడానికి మెదడు రెండో పళ్లెంలో రాళ్లు పెంచుకుంటూ పోతుంది. పన్నెండేళ్లు అలా పెంచింది. క్వార్టరు చాలక హాఫ్ అయ్యిందీ అందుకే. ఇప్పుడు మీరు ఒక పళ్లెంలోని సరుకు ఒక్కసారిగా తీసేశారు. రెండో దానిలో రాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. తక్కెడ అటు మొగ్గడమే మీ గాబరా. మెదడు ఆ రాళ్లు తీస్తుంది కానీ ఒకటొకటిగా తీస్తుంది. సాధారణంగా నాలుగు వారాలు దాటేసరికి దడ బాగా తగ్గుముఖం పడుతుంది. నిద్ర, చిరాకు పూర్తిగా కుదుటపడటానికి కొందరికి కొన్ని నెలలు పడుతుంది. అదీ రోజురోజుకీ తిన్నగా తగ్గదు. నాలుగు రోజులు బాగుండి అయిదోరోజు మళ్లీ పట్టుకుంటే, మొదటికొచ్చిందని అనుకోకండి.

మీ స్నేహితులు చెప్పినదాంట్లో ఒక అబద్ధంలేని ముక్క ఉంది. రెండు పెగ్గులు వేస్తే దడ నిజంగానే పోతుంది, ఒక పూటకి. మర్నాడు పొద్దున్న అదే దడ మరింత బరువుతో తిరిగొస్తుంది. తాగే రోజుల్లో కూడా పొద్దున్నే కాస్త కంగారు, మొదటి గుక్కతో అది తగ్గడం మీకు అనుభవమై ఉంటుంది. భయాన్ని పుట్టించింది మందే, ‘నేనే తీర్చాను’ అని చెప్పుకున్నదీ మందే.

ఇక్కడ కాసేపు ఆగి ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఆ మొదటి నాలుగు రోజులు మీరు ఇంట్లో గడిపారు. గండం గడిచింది, సంతోషం. అంత మోతాదులో ఏళ్లపాటు తాగినవారు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పి, లేని మనుషులు, పురుగులు కనబడతాయి, జ్వరం కాస్తుంది. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటాం. చికిత్స లేకపోతే ప్రాణం తీస్తుంది. చదువుకునే రోజుల్లో ఇలా వచ్చినవారిని గాలి సోకిందని ముందు భూతవైద్యుడి దగ్గర తిప్పి, ఆలస్యంగా తీసుకొచ్చినవారిని చూశాను. ఆ ఆలస్యం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. పైగా తాగడం, మానడం, మళ్లీ తాగడం, మళ్లీ మానడం ఇలా జరిగే కొద్దీ ప్రతిసారీ ఈ ఉపసంహరణ లక్షణాలు, అంటే మానినప్పుడు వచ్చే బాధలు, ముదురుతాయి. అందుకే ఒకవేళ కాలు జారి మళ్లీ కొన్నాళ్లు రోజూ తాగినా, ఈసారి ఇంట్లో ఒంటరిగా ఆపకండి. సిగ్గుపడకుండా ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ కొద్దిరోజులు మందులిచ్చి, మోతాదు తగ్గిస్తూ దించుతారు.

గ్లూకోజు సంగతి. మన పల్లెల్లో, ఇటు ఒడిశాలోనూ అటు శ్రీకాకుళం వైపూ, నీరసం అనగానే సెలైన్ పెట్టించుకోవడం అలవాటు. ఏళ్లుగా తాగేవారి ఒంట్లో బి1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చైపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నడకలో తూలడం, వస్తువులు రెండుగా కనబడటం, మతిమరుపు ఉంటే ఈ రోజే వెళ్లి చూపించుకోండి. అవేమీ లేకపోయినా బి1 అవసరమా అని డాక్టరును అడగండి.

మెడికల్ షాపు మాత్ర మీరు పేరు రాయలేదు. ఇలాంటప్పుడు అడగ్గానే ఇచ్చేది ఎక్కువగా ఆల్‌ప్రజోలం జాతి మాత్రే. అది మెదడులో మద్యం పనిచేసే తావులోనే పనిచేస్తుంది, అందుకే నయంగా అనిపిస్తోంది. అదే దాని ప్రమాదం కూడా. కొన్ని వారాల్లోనే అలవాటు పడతారు, మానితే మళ్లీ ఇదే దడ. దాని మీద మద్యం కూడా పడితే ఊపిరి మందగించి నిద్రలోనే ప్రాణం పోవచ్చు. ఎన్నాళ్లుగా, ఎన్ని వేసుకుంటున్నారో లెక్క రాసుకుని డాక్టరుకు చూపించండి. రోజూ వేసుకుంటున్నట్లయితే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి.

గాబరా తగ్గడానికి అలవాటుగా మారని మందులు ఉన్నాయి, పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తాగాలనే కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ఉన్నాయి. కాలేయం, కిడ్నీల పరీక్ష చూసి ఏది తగునో డాక్టరు నిర్ణయిస్తారు. డైసల్ఫిరామ్ అనే మాత్రను కొందరు ఇళ్లలో భర్తకు తెలియకుండా కూరలో కలుపుతారు. దాని మీద మందు తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. ఎవరు చెప్పినా ఆ పని చేయవద్దని మీ ఆవిడకు చెప్పండి.

ఈసీజీ బాగుండటం మంచిదే, అయినా థైరాయిడ్, షుగర్, బీపీ, కాలేయ పరీక్షలు చేయించండి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ వస్తుంది. కొట్లో రోజుకు ఎన్ని టీలు తాగుతున్నారు? మందు మానినవాళ్లు తెలియకుండానే టీ, ఖైనీ, గుడాఖు (పొగాకు ముద్ద) పెంచేస్తారు. ఈ మూడూ గుండెను ఉరికించేవే. సాయంత్రం నాలుగు దాటాక టీ వద్దు. పొగాకు కనీసం పెరగకుండా చూసుకోండి.

తెల్లవారుజామున దడ వచ్చినప్పుడు మంచం మీద పొర్లకండి. లేచి కూర్చుని పాదాలు నేలకు ఆనించండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంత సేపు నోటితో మెల్లగా వదలండి. పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు సాగాలి, గుండె వేగాన్ని దించేది అదే. పది నిమిషాలు చేయండి. తాగినట్టు కల వచ్చి ఉలిక్కిపడి లేస్తే హడలిపోకండి. మానినవారికి అలాంటి కలలు సహజం. మీరు తాగలేదు.

సాయంత్రం కొట్టు కట్టేసే వేళ మీకు అసలు పరీక్ష. తాగాలనే కోరిక అలలా లేచి సాధారణంగా పదిహేను నిమిషాల నుంచి అరగంటలో విరుగుతుంది. ఆ అరగంట ఖాళీ కడుపుతో ఉండకండి. ఆరింటికే చోడి (రాగి) అంబలో, రెండు ఇడ్లీలో కడుపులో పడితే సగం కోరిక చల్లారుతుంది. ఇంటికి వెళ్లే దారిలో పాత దుకాణం తగిలితే దారి మార్చండి. మహేంద్రతనయ నది గట్టు వైపు పిల్లలతో కలిసి నడిచి రండి. నది దాటితే పాతపట్నంలోనూ మందు దొరుకుతుంది, కొండల మీద జీలుగు కల్లు, ఇప్ప సారా ఉంటాయి. అవి ‘చెట్టు నుంచి వచ్చినవి, మందు కాదు’ అనే మాట నమ్మకండి. మీ మెదడుకు అన్నీ ఒకటే.

మీ ఆవిడ అన్న మాట మిమ్మల్ని గుచ్చినట్టుంది. మీరు చిరాకు పడుతున్నప్పుడు ఆమె అలసటతో అన్నమాట అది, తాగమని కాదు. ఈ ఉత్తరం, జవాబు ఆమెకు చదివి వినిపించండి. దడ వచ్చినప్పుడు పక్కన కూర్చుని మీతో పాటు లెక్క పెట్టమనండి. అంతకంటే పెద్ద సాయం లేదు.

ఎక్కడికి వెళ్లాలి? మీ ఊళ్లోనే జిల్లా ప్రధాన ఆసుపత్రి ఉంది, ముందు అక్కడ అడగండి. పెద్ద వైద్యం కావాలంటే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో, ఇటు విశాఖ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు. బేరసారాలకు సరిపడే ఒడియా మీకు వచ్చే ఉంటుంది, కానీ గుండెల్లోని బెంగ చెప్పుకోవడానికి అమ్మ నేర్పిన భాషే కావాలి. అది తప్పు కాదు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ 14416కు ఉచితంగా ఫోన్ చేస్తే తెలుగు ఎంచుకునే వీలుంది. మత్తు మానేవారి కోసం 14446 ఉంది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఈ ఉత్తరంలాగే తేదీలతో రాసి తీసుకెళ్లండి.

మరో రెండు మూడు వారాలకు కూడా దడ ఏమాత్రం దిగకపోతే, లేదా తాగుడు మొదలుకాకముందు కూడా మీకు ఈ భయం ఉండేదని గుర్తొస్తే, అది వేరే ఆందోళన జబ్బు కావచ్చు. దానికీ వైద్యం ఉంది. చనిపోవాలనే ఆలోచన వస్తే, ఛాతీ నొప్పి చేతికి పాకితే, ఫిట్స్ వస్తే రేపటిదాకా ఆగవద్దు.

ఇక పెళ్లి. నన్నడిగితే వెళ్లండి, బావమరిది పెళ్లికి వెళ్లకపోతే ఆ బాధే మీకు గాబరా. కానీ ముందే బావమరిదితో ఒక్కడితో చెప్పుకోండి: ‘మానేశాను, గ్లాసు ఇవ్వకు, ఎవరినీ ఇవ్వనివ్వకు.’ మగవాళ్లు గుమిగూడే మేడ మీదకు వెళ్లకండి. వంటల దగ్గర వడ్డన పని తీసుకోండి, చేతులు ఖాళీగా ఉండవు. రాత్రి అక్కడ పడుకోకండి. తాళి కట్టిన తర్వాత భోజనం చేసి, భార్యాపిల్లలతో దొరికిన మొదటి బండికి పర్లాకిమిడి వచ్చేయండి.