నెట్టీ ట్రాఫిక్ షేపింగ్ మీద చెయ్యి వేసే ముందు

చిన్నా,

నెట్టీలో (జావాలో నెట్‌వర్క్ ప్రోగ్రాములు రాసే లైబ్రరీ) ట్రాఫిక్ షేపింగ్‌కి, అంటే డేటా వేగానికి లిమిట్ పెట్టే భాగానికి, కొత్త ఫీచర్ రాసి పంపుతానన్నావు, సంతోషం. కోడ్ మొదలుపెట్టేసి ఉంటే మాత్రం కాస్త ఆగు. హ్యాండ్లర్ (వచ్చేపోయే డేటాని మధ్యలో పట్టుకుని పని చేసే కోడ్) మాడ్యూల్‌లోని ట్రాఫిక్ ప్యాకేజీ మొత్తం ముందు చదువు, పెద్దదేం కాదు. ఒక్కో కనెక్షన్‌కి విడిగా లిమిట్ పెట్టేది ఒకటి, అన్నిటికీ కలిపి పెట్టేది ఒకటి, రెండూ చేసేది ఇంకొకటి అక్కడ ఇప్పటికే ఉన్నాయి. కొత్తది అనుకున్నది సగం అందులోనే దొరకొచ్చు.

స్పీడు లెక్క గురించి టెన్షన్ వద్దు. ట్రాఫిక్ కౌంటర్ మామూలుగా సెకనుకోసారి లెక్క తిరగేస్తుంది. ఆపాల్సిన టైము 10 మిల్లీసెకన్ల లోపైతే అసలు ఆపదు, డిఫాల్ట్‌గా 15 సెకన్లు మించి ఆపదు. అంతే.

అసలు తలనొప్పి ఆపి ఉంచిన మెసేజ్‌లతోనే. ఒక మెసేజ్ క్యూలో ఆగి ఉండగా వెనకాల వచ్చిన చిన్న మెసేజ్‌కి లిమిట్ మిగిలి ఉందని నేరుగా పంపేశావనుకో, రేషన్ షాపు లైన్లో మధ్యలో దూరినట్టే. అవతలివాడికి బైట్లు తారుమారుగా చేరతాయి. అందుకే మెసేజ్ పంపే submitWrite మెథడ్‌లో క్యూ ఖాళీయేనా అని చూశాకే నేరుగా పంపుతారు. ఈలోగా కనెక్షన్ తెగిపోతే క్యూలో ఉన్న బైట్‌బఫ్‌లను (నెట్టీ బైట్లు దాచే మెమరీ ముక్కలు) రిలీజ్ చేయాలి, లేకపోతే మెమరీ లీకే. టెస్టులు నడిపేటప్పుడు లీక్ డిటెక్షన్‌ని పారనాయిడ్‌లో, అంటే అన్నిటికంటే గట్టిగా వెతికే స్థాయిలో, పెట్టుకో.

డిఫాల్ట్‌గా క్యూ 4 ఎంబీ దాటినా, ఆలస్యం 4 సెకన్లు దాటినా ఛానెల్ (అంటే ఆ కనెక్షన్) 'రైటబుల్ కాదు', ఇప్పుడు రాయొద్దు, అని చెబుతుంది. చెబుతుంది, అంతేగానీ అడ్డుకోదు. అప్లికేషన్ రాసేవాడు అది పట్టించుకోకపోతే మెమరీ నిండిపోతుంది, తిట్లు మాత్రం హ్యాండ్లర్‌కి! చదివే వైపు ఆటోరీడ్ (వచ్చిన డేటాని దానంతటదే చదువుకుంటూ పోవడం) ఆపి మళ్లీ తెరుస్తారు. యూజర్ తనే ఆటోరీడ్ ఆపుకుని ఉంటే నీ టైమర్ వెళ్లి దాన్ని తెరవకూడదు.

'లిమిట్ పెట్టినా స్పీడు తగ్గట్లేదు' అని ఎవరైనా అంటే ముందు పైప్‌లైన్‌లో, అంటే హ్యాండ్లర్ల వరుసలో, మన హ్యాండ్లర్ ఎక్కడుందో అడుగు. సైజు లెక్కపెట్టేది బైట్‌బఫ్, దాన్ని మోసే హోల్డర్, ఫైల్ ముక్కని పంపే ఫైల్ రీజియన్ లాంటివాటికే. కోడెక్ (ఆబ్జెక్టుల్ని బైట్లుగా మార్చేది) అవతల పెట్టి సొంత ఆబ్జెక్టులు పంపితే లెక్కలోకే రావు.

ఇక పంపడం. ముందు ఇష్యూ తెరిచి ఏం చేయబోతున్నావో రాయి. ఐసీఎల్ఏ (కోడ్ ఇచ్చేవాళ్లు రాసిచ్చే ఒప్పందం) సంతకం ఎలాగూ అడుగుతారు. కమిట్ మెసేజ్‌లో మోటివేషన్, మోడిఫికేషన్, రిజల్ట్ అని మూడు భాగాలుంటాయి. మోటివేషన్ దగ్గర బద్ధకించకు, రివ్యూ చేసేవాళ్లు మొదట చదివేది అదే. ప్రొటెక్టెడ్ మెథడ్‌ల సిగ్నేచర్ మార్చకు. బయట ఎవరెవరు ఆ క్లాస్‌ని ఎక్స్‌టెండ్ చేసుకున్నారో మనకి తెలీదు. ఈవెంట్ లూప్‌లో (ఒక్కటే చాలా కనెక్షన్లను నడిపే థ్రెడ్) స్లీప్ అనే మాటే రానివ్వకు. పెర్ఫార్మెన్స్ పెరిగిందంటావా, జేఎంహెచ్ (జావా కోడ్ వేగం కొలిచే టూల్) అంకెలు జతచెయ్యి.

టైముతో ముడిపడ్డ టెస్టులు నీ లాప్‌టాప్‌లో పాసై, సీఐలో (పంపిన కోడ్ మీద టెస్టులు వాటంతటవే నడిచే చోట) ఫెయిలవుతాయి. 'సరిగ్గా 1 సెకను' అని అసర్ట్ పెట్టకు. ఇంతకంటే ముందు రాకూడదు అని పెట్టు.

ఫీచర్ సంగతి తర్వాత, క్యూ సగంలో ఉండగా కనెక్షన్ మూసేసే టెస్ట్ ఒకటి రాసి నాకు పంపు. ఆదివారం పొద్దున కూర్చుని చూస్తాను.

నీ బాబాయ్