చెమటకాయా, కణితా, తిత్తా?

సందేహం: కంటి రెప్ప దగ్గర నీటిబుడగలా లేచే చిన్న బుడిపెను ఒకచోట 'స్వేదగ్రంధి కణితి' అని రాశారు. 'గ్రంధి' సరైన రూపమేనా? చెమటకు సంబంధించిందే కనుక 'చెమటకాయ' అంటే చాలదా?

సమాధానం: ముందు అక్షరం సంగతి. థకారంతో 'గ్రంథి' అనే రాయాలి. ముడి అని అర్థం. కూర్చడం, ముడివేయడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచే గ్రంథమూ గ్రంథీ రెండూ వచ్చాయి. 'గంధం'లోని ధకారానికి ఇక్కడ పనిలేదు.

చెమటకాయ కుదరదు, ఆ పేరు ఇప్పటికే వేరొకదానిది. ఉక్కకు చెమటనాళాలు మూసుకుపోయి, గుంపుగా లేచి, చిటపటలాడించి, ఒళ్లు చల్లబడితే కొద్దిరోజుల్లో పోయేవి చెమటకాయలు. మీరు చదివింది ముఖం మీద, ముఖ్యంగా కళ్ల చుట్టూ, ఒకటో కొన్నో లేచి ఏళ్లపాటు ఉండిపోయేది. సాధారణంగా కొన్ని మిల్లీమీటర్లే. కొన్నిటికి నీలిఛాయ ఉంటుంది. కొందరిలో ఎండల్లో ఉబ్బి చలికి తగ్గుతుంది కూడా. చెమటకాయ గుర్తుకు రావడం అందుకే కాబోలు.

'కణితి' అనగానే నేటి పాఠకుడికి క్యాన్సరే తోస్తుంది. ముందు 'నిరపాయకర' అని తగిలించినా బెదురు పోదు. పైగా ఆ మాటలో గట్టి ముద్ద అనే భావం ఉంది. దీనిలోపల ఉన్నది పలుచని ద్రవం.

నా ఓటు తిత్తికి. కొలిమితిత్తి, ఊపిరితిత్తి మనకున్నవే. చుట్టూ పొర, లోపల గాలో నీరో ఉంటే తిత్తి. ఈ బుడిపె తత్త్వమూ అదే. సూదితో గుచ్చి నీరు తీసినా చాలాసార్లు మళ్లీ నిండుతుంది, పొర లోపలే మిగిలింది కాబట్టి. దాన్ని కూడా తీసేస్తేనే బెడద వదిలేది. 'పొక్కు' అంటే ఈ సంగతి పలకదు, పొక్కు చితికితే ఆరిపోతుంది. అందుకే 'చెమటతిత్తి' అనండి. 'స్వేదతిత్తి' మాత్రం వద్దు, నా చెవికి అది అతుకుల మాట.

వైద్యుల పేరే రాయవలసివస్తే 'హిడ్రోసిస్టోమా' అని హి-తో రాయండి. 'హైడ్రో' అంటే నీటిని చెప్పే గ్రీకు మాటతో కలిసిపోతుంది. ఇక్కడున్నది చెమటను చెప్పే 'హిద్రోస్'. మన 'స్వేద' శబ్దానికి దూరపు చుట్టం, రెంటి మూలమూ ఒకటే.

కళ్ల కిందే వచ్చే సిరింగోమాకు మాత్రం ఈ పేరు పెట్టకండి. అదీ చెమటనాళాల నుంచి పుట్టేదే, అపాయం లేనిదే. కానీ గట్టి బుడిపె, గుచ్చితే నీరు రాదు. అక్కడ తిత్తి చెల్లదు.