కాడ్ చేపకి చలి వేయదా?

ప్రశ్న: ఉత్తర ధ్రువం దగ్గర సముద్రం గడ్డకట్టాక కాడ్ చేపలు ఏమవుతాయి? చలికాలంలో వలస పోతాయని ఒకచోట, మంచు కిందే ఉండిపోతాయని ఇంకోచోట చదివాను. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే. తికమకంతా పేరు వల్ల వచ్చింది. కాడ్ అని పిలిచే చేపలు అక్కడ ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి అట్లాంటిక్ కాడ్, మీటరు దాటి పెరుగుతుంది. రెండోది పోలార్ కాడ్, జానెడు చేప, ముప్పై సెంటీమీటర్లు పెరిగిందంటే గొప్పే.

ముందు పెద్దదాని సంగతి. ఇది వేసవంతా నార్వే, రష్యాలకి ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రంలో కేపెలిన్ అనే చిన్న చేపల్ని వెంటాడుతూ, మంచు అంచు వెనక్కి తగ్గేకొద్దీ ఉత్తరానికి జరుగుతుంది. చలికాలం వచ్చేసరికి గుడ్లు పెట్టే వయసున్నవి గుంపులు కట్టి నార్వే తీరం వెంబడి లోఫోటెన్ దీవుల దాకా దిగుతాయి. కొన్ని వందల కిలోమీటర్ల ప్రయాణం! అక్కడి జాలర్లు ఈ వలస కాడ్‌ని 'స్క్రేయ్' అంటారు, తిరుగాడేది అన్న అర్థం వచ్చే పాత మాట నుంచి పుట్టిన పేరు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెట్టి ఇవి వెనక్కి వెళ్లిపోతాయి, నీళ్లలో తేలే గుడ్లని, పిల్లల్ని మాత్రం ప్రవాహమే మెల్లగా బారెంట్స్ సముద్రానికి చేరుస్తుంది. ఆ పిల్లలు ఆరేడేళ్లకో ఎనిమిదేళ్లకో పెద్దవై మళ్లీ అదే దారి పడతాయి.

మంచు కిందే ఉండిపోయేది చిన్నది, పోలార్ కాడ్. అలాగని అది అసలు కదలదని కాదు, శీతాకాలం ముందు కొన్ని గుంపులు రష్యాకి ఉత్తరాన ఉన్న నోవాయా జెమ్లియా దీవుల ఒడ్డు వెంట దక్షిణానికి వెళ్తాయి. కానీ వెచ్చదనం కోసం కాదు, గుడ్ల కోసం, అదీ గడ్డకట్టే నీళ్లలోనే. ఏడాది రెండేళ్ల పిల్లలైతే మంచుపలక అడుగున ఉండే పగుళ్లలో వేలెడంత సందులో దూరి, కోపెపాడ్లనే బియ్యపుగింజంత రొయ్యలాంటి జీవుల్ని ఏరుకు తింటూ, మంచు ఎటు కొట్టుకుపోతే అటు పోతాయి.

మరి గడ్డకట్టవా? ఉప్పునీరు దాదాపు మైనస్ 1.9 డిగ్రీల దాకా గడ్డకట్టదు, మామూలు చేప రక్తం మాత్రం మైనస్ 0.8 దగ్గరే గడ్డకడుతుంది. అంటే నీళ్లు నీళ్లుగానే ఉండగా చేప గడ్డకట్టేసే ప్రమాదం ఉందన్నమాట. పోలార్ కాడ్ రక్తంలో ఒక రకం ప్రొటీన్ ఉంటుంది, ఒంట్లోకి చేరిన సన్నటి మంచు పలుకుకి అతుక్కుని దాన్ని పెరగనివ్వదు. నాకు ఇంకా ముచ్చటేసేది దాని కిడ్నీ. మన కిడ్నీలో రక్తాన్ని వడగట్టే చిన్న ఉండల్లాంటివి ఉంటాయి కదా, దీనికి అవే లేవు, కాబట్టి ఆ ప్రొటీన్ మూత్రంలో పోదు. అంటార్కిటికాలో వేరే వంశం చేపలు దాదాపు ఇలాంటి ప్రొటీన్‌నే విడిగా, వేరే జన్యువు నుంచి తయారు చేసుకున్నాయి. వాటిలో కొన్నిటిని 'అంటార్కిటిక్ కాడ్' అంటారు గానీ, అవి కాడ్లే కావు, పేరుతో ఇంకో తికమక!

సీళ్లు, బెలూగా తిమింగలాలు, సముద్రపక్షులు అన్నీ ఈ జానెడు చేప మీదే పడతాయి. ఇప్పుడు ఇంకో గిరాకీ కూడా వచ్చింది. నీళ్లు వేడెక్కి మంచు తగ్గేకొద్దీ అట్లాంటిక్ కాడ్ నార్వేకి ఉత్తరాన ఉన్న స్వాల్బార్డ్ దీవులు దాటి ఇంకా పైకి వెళ్తోంది, దారిలో పోలార్ కాడ్ కనిపిస్తే మింగేస్తోంది.