సాంకేతిక సందేహాలు: కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ ఎందుకవుతోంది?

ప్రశ్న: మా ఇంట్లో ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఉంది. రౌటర్ హాల్లోనూ, ప్రింటర్ పడకగదిలోనూ ఉంటాయి. కరెంటు పోయి వచ్చినా, రెండు మూడు రోజులు వాడకుండా వదిలేసినా ల్యాప్‌టాప్‌లో ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తుంది. ప్రింటర్‌ను కంప్యూటర్ నుంచి తొలగించి డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) మళ్లీ ఎక్కిస్తే పనిచేస్తుంది. కొన్నాళ్లకు కథ మళ్లీ మొదటికొస్తుంది. వైఫై కార్డు పోయిందనీ, బోర్డు మార్చాలనీ మెకానిక్ అంటున్నారు. పిల్లల ప్రాజెక్టు పనులకు ప్రింటర్ లేనిదే గడవదు. బోర్డు మార్పించమంటారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఇప్పుడే మార్పించకండి. డ్రైవర్ మళ్లీ ఎక్కించగానే ప్రింటర్ పనిచేస్తోందని మీరే రాశారు. వైఫై భాగం నిజంగా చెడిపోయి ఉంటే, కంప్యూటర్‌లో డ్రైవర్ మార్చినంత మాత్రాన అది బాగుపడదు. డ్రైవర్ ఎక్కించే సమయంలో కంప్యూటర్ ప్రింటర్‌ను కొత్తగా వెతుక్కుంటుంది, అది ఇప్పుడున్న చిరునామాలో (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య, దీన్నే ఐపీ అడ్రస్ అంటారు) దొరుకుతుంది, పని జరిగిపోతుంది. అంటే తప్పు చాలావరకు చిరునామాలో ఉందన్నమాట.

కంప్యూటర్ ‘ఆఫ్‌లైన్’ అని చూపించడానికి రెండు వేర్వేరు కారణాలుంటాయి. ప్రింటర్ నిజంగానే వైఫై నుంచి జారిపోయి ఉండవచ్చు. లేదా ప్రింటర్ వైఫైలోనే నిక్షేపంగా ఉన్నా, కంప్యూటర్ దాన్ని పాత చిరునామాలో వెతుకుతూ ఉండవచ్చు. తెర మీద రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి కనుక, ఏది జరిగిందో తేల్చుకోకుండా డ్రైవర్లు తీసివేయడం, రౌటర్‌ను రీసెట్ చేయడం వంటివన్నీ చీకట్లో రాయి వేయడమే అవుతుంది.

తేల్చుకునే మార్గం సులువే. ఈసారి ‘ఆఫ్‌లైన్’ అని వచ్చినప్పుడు దేన్నీ కదపకుండా, అదే వైఫైలో ఉన్న మొబైల్ ఫోన్ నుంచి ఒక ఫొటోను ప్రింట్‌కు పంపి చూడండి. ఫోన్ ప్రతిసారీ నెట్‌వర్క్‌లో ఏయే ప్రింటర్లున్నాయో అప్పటికప్పుడు వెతుక్కుంటుంది కాబట్టి పాత చిరునామా బెడద దానికి అంతగా ఉండదు. ఫోన్ నుంచి కాగితం వచ్చిందంటే ప్రింటర్ వైఫై బాగున్నట్టే. రాకపోతే ప్రింటర్ చేతనే దాని నెట్‌వర్క్ వివరాల కాగితాన్ని అచ్చు వేయించండి. తెర ఉన్న ప్రింటర్లలో ఇది నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. తెర లేనివాటిలో ఏ బటన్లు నొక్కిపట్టాలో వెంట వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ కాగితంలో మీ వైఫై పేరు, ఐపీ అడ్రస్, ఆరు జంటల అక్షరాలూ అంకెలతో మ్యాక్ అడ్రస్ (పరికరానికి తయారీలోనే పడే గుర్తింపు సంఖ్య) ఉంటాయి. ఐపీ అడ్రస్ 192.168 తో మొదలైతే ప్రింటర్ రౌటర్‌తో మాట్లాడుతున్నట్టే. 169.254 తో మొదలైతే రౌటర్ నుంచి దానికి చిరునామా అందక, తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. ఆ చిరునామాతో మీ ల్యాప్‌టాప్‌కు అది దొరకదు.

మీ విషయంలో పాత చిరునామా సమస్యే ఉంటుందని నా అంచనా కనుక దాన్ని కొంచెం వివరంగా చెబుతాను. రౌటర్ తన కిందికి వచ్చిన ప్రతి పరికరానికీ లాడ్జి మేనేజరు గది ఇచ్చినట్టు ఒక ఐపీ అడ్రస్‌ను కొంత గడువుకు మాత్రమే ఇస్తుంది. మామూలుగా పరికరం తిరిగి వచ్చినప్పుడు పాత చిరునామానే అడిగి తీసుకుంటుంది. కానీ కరెంటు పోయి రౌటర్ కూడా ఆగిపోయినప్పుడు, కొన్ని రౌటర్లు ఎవరికి ఏది ఇచ్చిందీ మరచిపోతాయి. తిరిగి వెలగగానే ఇంట్లోని ఫోన్లు, టీవీ ముందుగా చేరి అందినవి అందుకుంటాయి. నిన్న 192.168.1.4 లో ఉన్న ప్రింటర్ ఈరోజు 192.168.1.7 కు చేరుతుంది. ల్యాప్‌టాప్‌లోని పోర్టు (ప్రింటర్‌కు పని పంపాల్సిన దారిని రాసుకున్న అమరిక) మాత్రం ఇంకా 4 నే పట్టుకుని ఉంటుంది. రెండు మూడు రోజులు వాడకుండా వదిలేసినప్పుడు కూడా, గడువు తీరిన చిరునామా మరో పరికరానికి పోతే ఇదే జరుగుతుంది.

దీనికి శాశ్వత పరిష్కారం రౌటర్‌లో ఉంది. రౌటర్ పెట్టె అడుగున ఉన్న స్టిక్కర్ మీద సెట్టింగ్స్ పేజీ చిరునామా, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. లోపలికి వెళ్లాక, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ విభాగంలో ‘అడ్రస్ రిజర్వేషన్’ అనో, ‘స్టాటిక్ లీజ్’ అనో, ‘బైండింగ్’ అనో ఒక అంశం కనిపిస్తుంది. ఇందాక చెప్పిన వివరాల కాగితాన్ని తీసి, దానిలోని మ్యాక్ అడ్రస్‌నూ, మీరు ప్రింటర్‌కు కేటాయించదలచుకున్న ఐపీ అడ్రస్‌నూ అక్కడ నింపి సేవ్ చేయండి. ఇక ఎన్నిసార్లు కరెంటు పోయినా ఆ చిరునామా దానికే ఉంటుంది. ఇంటర్నెట్ కంపెనీవారు ఇచ్చిన ఫైబర్ పెట్టెల్లో కొన్నిటికి ఈ పేజీలు వినియోగదారులకు తెరుచుకోవు. అటువంటప్పుడు వారి సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, ప్రింటర్‌కు ఐపీ రిజర్వ్ చేయమని అడగవచ్చు. కొందరు రౌటర్ జోలికి వెళ్లకుండా ప్రింటర్‌లోనే స్థిరమైన ఐపీ టైపు చేస్తారు. అదీ పనిచేస్తుంది కానీ, రౌటర్ అదే సంఖ్యను ఇంకో ఫోన్‌కు ఇచ్చేసిందంటే రెండూ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. నేనైతే రౌటర్‌లో చేయడాన్నే ఇష్టపడతాను.

ఆ తరువాత ప్రింటర్‌ను ఒకసారి ఆపి వెలిగించి, వివరాల కాగితాన్ని మళ్లీ తీసి, కొత్త ఐపీ వచ్చిందో లేదో చూసుకోండి. వచ్చాక విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి, పోర్ట్స్ అనే ట్యాబ్‌లో ఏ పోర్టుకు టిక్కు ఉందో చూడండి. దాని పేరు డబ్ల్యూఎస్‌డీతో మొదలైతే, ‘యాడ్ పోర్ట్’ నొక్కి ‘స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్’ను ఎంచుకుని మీరు రిజర్వ్ చేసిన ఐపీని ఇవ్వండి. డబ్ల్యూఎస్‌డీ పోర్టు ప్రింటర్‌ను తనంతట తాను వెతుక్కునే రకం. ప్రింటర్ గాఢ నిద్రలోకి వెళ్లినప్పుడు తడబడేది తరచుగా అదే. ఐపీ పోర్టు అయ్యుండీ ఇంకా ‘ఆఫ్‌లైన్’ అని వస్తుంటే, ‘కాన్ఫిగర్ పోర్ట్’లో ‘ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్’ దగ్గరి టిక్కు తీసివేయండి. ఎస్‌ఎన్‌ఎంపీ అంటే ప్రింటర్ ఎలా ఉందో విండోస్ అడిగే పలకరింపు; దానికి ప్రింటర్ జవాబివ్వకపోతే, అది పనిచేస్తున్నా విండోస్ లేదని తీర్మానించుకుంటుంది. ప్రింట్ కావాల్సిన పనుల వరుసను చూపే క్యూ కిటికీలో ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’ అనే అంశం ఉంటే, దానికి పొరపాటున టిక్కు పడి ఉందేమో కూడా చూడండి.

ఒకవేళ కాగితంలో 169.254 గానీ, ‘నాట్ కనెక్టెడ్’ అని గానీ వస్తే, అప్పుడు సిగ్నల్ వైపు చూడాలి. రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో వైఫై ఇస్తుంటాయి; ఇళ్లలో వాడే ప్రింటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది. ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉండి, ప్రింటర్ 2.4 లో ఉంటే పనిచేయదని చాలామంది అనుకుంటారు. రెండూ ఒకే రౌటర్ కింద ఉంటే దానివల్ల అడ్డంకేమీ ఉండదు. చిక్కల్లా, రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి, పరికరాలను 5 వైపు నెట్టే ‘స్మార్ట్ కనెక్ట్’ వంటి ఏర్పాటుతో వస్తుంది. కొన్ని ప్రింటర్లు ఆ నెట్టుడును తట్టుకోలేక తెగిపోతుంటాయి. 2.4 కు వేరే పేరు పెట్టి ప్రింటర్‌ను దానికి కలపండి. రౌటర్‌లో వైఫై భద్రత అమరిక డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే డబ్ల్యూపీఏ2 కు మార్చండి. డబ్ల్యూపీఏ3 వచ్చింది 2018 లో, అంతకుముందు తయారైన ప్రింటర్లకు సాధారణంగా అది తెలియదు. రౌటర్‌లో 2.4 వైఫై ఛానల్ (ఆ బ్యాండ్‌లో అది వాడే వరుస) ‘ఆటో’లో ఉంటే 1, 6, 11 లలో ఒకటి ఎంచి స్థిరపరచండి. రౌటర్ 12 లేదా 13 కు జరిగిందంటే కొన్ని పరికరాలకు అసలు కనిపించదు.

ప్రింటర్‌ను ఇనప బీరువా పక్కనో, దాని వెనుకనో పెట్టి ఉంటే ముందు అక్కడి నుంచి జరపండి. గోడకన్నా ఇనుము సిగ్నల్‌కు ఎక్కువ అడ్డు.

కరెంటు రాగానే ప్రింటర్ కొద్ది క్షణాల్లో సిద్ధమవుతుంది. ఫైబర్ పెట్టెకు తేరుకోవడానికి నిమిషాలు పడుతుంది. కొన్ని ప్రింటర్లు కాసేపు వెతికి ఊరుకుంటాయి. రౌటర్ లైట్లు నిలకడగా వెలిగాక ప్రింటర్‌ను ఆపి వెలిగిస్తే చాలు. రౌటర్‌కు అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టుకుంటే ఈ శ్రమ కూడా ఉండదు. ఆపేటప్పుడు మాత్రం గోడ స్విచ్ కట్టేయకుండా, ప్రింటర్ మీది బటనే నొక్కండి. అలా ఆపితేనే ఇంకు హెడ్ తన మూత కిందికి వెళ్తుంది. లేకపోతే హెడ్ ఆరిపోయి, వైఫై సమస్య పోయి ఇంకు సమస్య పట్టుకుంటుంది.

ప్రశ్న: ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగం నాది. ఫోన్ నుంచి ప్రింట్ వస్తుంది, మా ఆవిడ ల్యాప్‌టాప్ నుంచి కూడా వస్తుంది. ఆఫీసువారిచ్చిన ల్యాప్‌టాప్ నుంచి మాత్రం పగలు రాదు, రాత్రి వస్తుంది. రౌటర్ మార్చాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రౌటర్‌లో లోపం లేదు. పగలు ఆఫీసు వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే రక్షిత దారి) కలిపి ఉంటారు, రాత్రి తీసేస్తారు. తేడా అక్కడే ఉండి ఉంటుంది. చాలా సంస్థలు వీపీఎన్ కలిసి ఉన్నంతసేపు ల్యాప్‌టాప్ నుంచి బయటికి పోయే సమాచారమంతా ఆఫీసు గుండానే వెళ్లేలా అమరుస్తాయి. పక్క గదిలోని ప్రింటర్‌కు వెళ్లవలసిన పేజీ కూడా ఆ దారినే పోవడానికి ప్రయత్నించి ఆగిపోతుంది. ఒకసారి వీపీఎన్ తీసి ప్రింట్ ఇచ్చి చూస్తే నిర్ధారణ అవుతుంది. స్థానిక ప్రింటర్‌ను అనుమతించే మార్పు చేయగలిగేది మీ సంస్థ ఐటీ విభాగమే, వారినే అడగండి. అన్నిటికన్నా సూటి మార్గం యూఎస్‌బీ కేబుల్. దానికి నెట్‌వర్క్‌తో పని లేదు కనుక వీపీఎన్ అడ్డురాదు. అయితే ఆఫీసు కాగితాలను ఇంట్లో అచ్చు వేయడానికి మీ సంస్థ నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో ముందే తెలుసుకోవడం మంచిది.

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు. కింద ఫైబర్ పెట్టె, దానికే ప్రింటర్ కలిపాం. పైన సిగ్నల్ అందక ఇంకో రౌటర్ కొని, కింది నుంచి తీగ లాగి పెట్టించాం. పైన ఉన్నప్పుడు ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తుంది కానీ ప్రింటర్ కనిపించదు. మెట్లు దిగి వస్తే కనిపిస్తుంది.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ ఇంట్లో తెలియకుండానే రెండు నెట్‌వర్క్‌లు ఏర్పడ్డాయి. పైన ఉండి ఫోన్ వైఫై వివరాల్లో ఐపీ అడ్రస్ చూడండి, కింద ఉండి మళ్లీ చూడండి. కింద 192.168.1 తోనూ, పైన 192.168.0 తోనూ మొదలైతే, పై రౌటర్ సొంతంగా చిరునామాలు పంచుతూ వేరు కాపురం పెట్టిందని రూఢి అవుతుంది. ఇంటర్నెట్‌కు అది అడ్డు కాదు. పక్కపక్కనే ఉన్న పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి మాత్రం అడ్డు. పై రౌటర్ సెట్టింగ్స్‌లో ‘ఆపరేషన్ మోడ్’ తెరిచి, ‘రౌటర్’ అని ఉన్నదాన్ని ‘యాక్సెస్ పాయింట్’ అని మార్చండి. అది మళ్లీ వెలిగాక చిరునామాలన్నీ కింది పెట్టే ఇస్తుంది, ప్రింటర్ పైఅంతస్తు ఫోన్లకూ కనిపిస్తుంది. అలా మార్చినా కనిపించకపోతే, మీ ఫోన్ ‘గెస్ట్’ వైఫైలో ఉందేమో చూసుకోండి. అతిథుల కోసం పెట్టిన ఆ వైఫై ఇంట్లోని ఇతర పరికరాలను కావాలనే దాచి ఉంచుతుంది.