స్కాట్లాండ్‌లో చిన్న ఊళ్లో ఉంటున్నాం. ఊరి పాత భవనాలు, కొత్త ఇళ్ల ప్లానింగ్ విషయంలో మా మాట చెల్లుతుందా?

మీరు అడిగింది ఇదీ: ఫైఫ్‌లోని చిన్న ఊళ్లో పాత రాతి బిల్డింగ్‌లో ఫ్లాట్ కొన్నారు. మీ వీధి చివర మూతబడ్డ చర్చి హాలు ఉంది. దాన్ని పడగొట్టి ఫ్లాట్లు కడతామని ఒక కంపెనీ అప్లికేషన్ పెట్టింది. మీరు ఇక్కడి పౌరులు కారు కదా, మీ మాట ఎవరైనా వింటారా, అభ్యంతరం రాస్తే ఏమైనా లాభం ఉంటుందా అని.

వింటారండీ. ప్లానింగ్ అప్లికేషన్ మీద అభిప్రాయం రాయడానికి ఇక్కడ పౌరసత్వంతో పని లేదు. సొంత ఇల్లే ఉండాలనీ లేదు, అద్దెకున్నవాళ్లూ రాయొచ్చు. ఇంకో మాట. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో ఇక్కడ చట్టప్రకారం ఉంటున్నవాళ్లు కామన్వెల్త్ పౌరులుగా ఓటర్ల జాబితాలో పేరు ఎక్కించుకోవచ్చు, కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియక ఏళ్లకేళ్లు ఊరికే ఉండిపోతున్నారు. నేనూ ఫైఫ్‌లోనే మరో ఊళ్లో ఉంటాను. కొన్నేళ్లుగా మా కమ్యూనిటీ కౌన్సిల్‌లో సభ్యురాలిని. నేను చెప్పేదంతా అక్కడ చూసి నేర్చుకున్నదే.

అయితే అభ్యంతరం రాయడం ఈ వ్యవహారంలో ఆఖరి మెట్టు. డ్రాయింగులు పూర్తయి, ఫీజు కట్టి, అప్లికేషన్ వెబ్‌సైట్‌లోకి ఎక్కాక దాన్ని మార్చడం కష్టం. ఊరి మాట నిజంగా పనిచేసేది దానికి ముందే. అయినా మీకు ఇప్పుడు ఎదురుగా ఉన్నది ఉత్తరమే కాబట్టి ముందు దాని గురించే చెప్తాను.

స్థలానికి 20 మీటర్ల లోపు ఉన్నవాళ్లకు నోటీసు వస్తుంది. రాయడానికి 21 రోజులు ఇస్తారు. నోటీసు రాకపోయినా ఎవరైనా రాయొచ్చు. ఉత్తరంలో ఏం రాస్తే లెక్కలోకి తీసుకుంటారో తెలుసుకుని రాయాలి. వెలుతురు తగ్గడం, కిటికీలోంచి ఇంట్లోకి కనిపించడం, ట్రాఫిక్, శబ్దం, వీధి రూపురేఖలు, పాత కట్టడానికి జరిగే నష్టం, ఇవన్నీ చూస్తారు. 'మా కిటికీలోంచి సముద్రం కనిపించదు', 'మా ఫ్లాట్ రేటు పడిపోతుంది', 'ఆ బిల్డర్ మంచివాడు కాదు' లాంటివి చూడరు. ఒకే నమూనా ఉత్తరం మీద వందమంది సంతకాలు పెట్టినదానికంటే, చోటు చూసి, కొలతలు చదివి ఒక్కరు రాసిన పేజీకే బరువు ఎక్కువ. ఇంకొకటి ముఖ్యం. అనుమతి రాకపోతే బిల్డర్ అప్పీలుకు వెళ్లొచ్చు. అనుమతి వస్తే పక్కింటివాళ్లకు అప్పీలు హక్కు లేదు. 2019 ప్లానింగ్ చట్టం వచ్చేటప్పుడు ఆ హక్కు ఇవ్వాలని చాలామంది గట్టిగా అడిగారు, స్కాటిష్ పార్లమెంట్ ఒప్పుకోలేదు. అది అన్యాయమనే నా అభిప్రాయం. కానీ ఉన్న నిబంధన అదే కాబట్టి మొదటి ఉత్తరమే గట్టిగా ఉండాలి.

ఇక కమ్యూనిటీ కౌన్సిల్. పేరు చూసి పంచాయతీలాంటిది అనుకోకండి. పన్ను వేయదు, రోడ్డు వేయదు, జీతాలు లేవు, బడ్జెట్ దాదాపు లేనట్టే. 1973 చట్టంతో పుట్టిన సంస్థ ఇది, అందరూ వాలంటీర్లే. కానీ ప్లానింగ్ అప్లికేషన్ల మీద దాని అభిప్రాయం అడగడం ఫైఫ్ కౌన్సిల్ (అనుమతులిచ్చే స్థానిక ప్రభుత్వం) చట్టబద్ధమైన బాధ్యత. మీటింగులు అందరికీ తెరిచే ఉంటాయి, ఎవరైనా వెళ్లి వెనక కూర్చోవచ్చు. యాభై ఇళ్లు, అంతకంటే ఎక్కువ ఉన్న పెద్ద ప్రాజెక్టయితే అప్లికేషన్‌కు కనీసం 12 వారాల ముందే నోటీసు ఇచ్చి, ఊరివాళ్లతో సమావేశాలు పెట్టాలని చట్టమే చెప్తుంది. మీ హాలులాంటి చిన్నవాటికి ఆ నిబంధన లేదు. అందుకే చిన్న ప్రాజెక్టుల కబురు ముందుగా అందేది ఈ మీటింగుల్లోనే.

ముందుగా తెలిస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. మా ఊళ్లో హై స్ట్రీట్ వెనకాల ఎనిమిది ఫ్లాట్లు కట్టాలని ఒక ఆర్కిటెక్ట్ వచ్చారు. అప్లికేషన్ ఇంకా పెట్టలేదు. లైబ్రరీ గదిలో టేబుల్ మీద మ్యాపు పరిచారు. దాని మీద ఒకచోట 'వాడకంలో లేని భూమి' అని రాసుంది, అక్కడ కార్ పార్కింగ్ గీశారు. ఎనభై దాటిన ఒక పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుని, ఆ ముక్క మీద వేలు పెట్టి, 'ఇది మా బట్టలారేసే పచ్చిక, ఇనుప స్తంభాలు ఇప్పటికీ ఉన్నాయి, నా దస్తావేజుల్లో హక్కు రాసుంది' అంది. మరుసటి వారం ఇద్దరూ కలిసి వెళ్లి ఆ స్తంభాలు చూసొచ్చారు. దస్తావేజు హక్కు ప్లానింగ్‌లో లెక్కకు రాదు, అది వేరే చట్టం కింద తేలాల్సిన విషయం. అయినా డిజైన్ ఇంకా పెన్సిల్ దశలోనే ఉంది కాబట్టి పార్కింగ్‌ను పక్కకు జరిపారు. అప్లికేషన్ వచ్చినప్పుడు ఆ పెద్దావిడ మద్దతుగా ఉత్తరం రాసింది. మద్దతు ఉత్తరం కూడా రాయొచ్చన్న సంగతి చాలామందికి తట్టదు. మంచి ప్రాజెక్టుకు ఊళ్లోంచి నాలుగు మంచి మాటలు వెళ్లడం ఎంత అవసరమో నేను కళ్లారా చూశాను.

ఇది ఎందుకు అంత గట్టిగా చెప్తున్నానంటే, వారసత్వం పేరు చెప్పి ఇళ్లే వద్దనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. 2024 మేలో స్కాటిష్ పార్లమెంట్ దేశమంతటా హౌసింగ్ ఎమర్జెన్సీ ఉందని ప్రకటించింది. ఊళ్లో పుట్టిన పిల్లలకు అదే ఊళ్లో అద్దె ఇల్లు దొరకడం లేదు. అలాంటప్పుడు పాత రాళ్లను కాపాడటం, ఇళ్లు కట్టడం ఒకదానికొకటి శత్రువులన్నట్టు మాట్లాడటం నాకు నచ్చదు. స్కాట్లాండ్ అనుభవమే దీనికి ఎదురు చెప్తుంది. 1970ల్లో గ్లాస్గోలో పాత టెనెమెంట్లు, అంటే ఒకే మెట్లదారి మీద ఉండే రాతి ఫ్లాట్ల భవనాలు, వీధులకు వీధులే పడగొడుతుంటే గోవన్‌లాంటి పేటల జనం మేం కదలం, వీటినే బాగుచేయండి అని పట్టుబట్టారు. లోపల బాత్రూములు కట్టించుకున్నారు, కప్పులు మార్పించుకున్నారు. అలా పుట్టినవే అద్దెదారులే కమిటీల్లో కూర్చుని నడిపే హౌసింగ్ అసోసియేషన్లు. ఇప్పుడు గ్లాస్గోకు అందం తెచ్చిపెట్టేది ఆ ఇసుకరాతి వీధులే. వాటిలో జనం బతుకుతున్నారు కూడా.

మన ఫైఫ్‌లోనే చూడండి. కల్రాస్, డైసార్ట్, క్రెయిల్, పిట్టెన్‌వీమ్ వెళ్తే ఎర్ర పెంకులు, మెట్లు మెట్లుగా ఉండే గోడ అంచులు, తెల్లటి సున్నం పూత ఉన్న చిన్న ఇళ్లు కనిపిస్తాయి. వాటిలో చాలావాటిని నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ 1960లో మొదలుపెట్టిన లిటిల్ హౌసెస్ పథకం నిలబెట్టింది. పాడుబడ్డ ఇల్లు కొనడం, బాగుచేయడం, రూపు చెడగొట్టకూడదన్న షరతుతో అమ్మడం, ఆ డబ్బుతో ఇంకో ఇల్లు కొనడం. మ్యూజియంలు చేయలేదు, కాపురాలుండే ఇళ్లే చేశారు.

ఈ ఆలోచనకు పాత గురువు స్కాట్లాండ్‌కు చెందిన నగర ప్రణాళికావేత్త ప్యాట్రిక్ గెడెస్. 1886లో భార్య అన్నాతో కలిసి ఎడిన్‌బరో ఓల్డ్ టౌన్‌లో శిథిలమైపోతున్న జేమ్స్ కోర్ట్‌లో కాపురం పెట్టి, ఇరుగుపొరుగును కూడగట్టి గోడలు కడిగించి, వెల్ల వేయించి, ఖాళీ జాగాల్లో తోటలు పెంచారు. తర్వాత ఆయన మన వైపూ వచ్చారు. 1914లో ఆయన ఇండియాకు పంపిన నగర నిర్మాణ ఎగ్జిబిషన్ సామానును తెస్తున్న ఓడను, మద్రాసు మీద గుండ్లు పేల్చిన జర్మన్ యుద్ధనౌక ఎమ్డెనే ముంచేసింది. మళ్లీ సామగ్రి పోగుచేసుకుని 1915 జనవరిలో మద్రాసులో ఎగ్జిబిషన్ పెట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలు తిరిగి నివేదికలు రాశారు. పేటలకు పేటలు కూల్చి తిన్నగా రోడ్లు వేయడం కాకుండా, ముందు ఊరిని తెలుసుకుని, అవసరమైనంత మేరకే చేయి పెట్టమని ఆయన వాదన.

మీరుండేది పాత రాతి బిల్డింగ్ కాబట్టి ఇంకో మాట. ఊరి వారసత్వం మీ గోడ దగ్గరే మొదలవుతుంది. మా వీధిలో ఒక ఇంటికి ఎప్పుడో రాళ్ల సందుల్లో సిమెంటు నింపారు. బాగుచేయడానికి వచ్చిన మేస్త్రి ఒక సిమెంటు పట్టీని ఉలితో లేపి నాకు చూపించాడు. పట్టీ గట్టిగా, చెక్కుచెదరకుండా ఊడి వచ్చింది. దాని వెనక రాయి మాత్రం వేలితో గీస్తే ఇసుకలా రాలింది. గోడలో చెమ్మ సున్నం గుండా బయటికి పోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే నీళ్లు రాయిలోనే నిలుస్తాయి, చలికి గడ్డకట్టి రాయిని పొరలు పొరలుగా ఊడదీస్తాయి. కాబట్టి ఎవరైనా తక్కువ రేటుకు సిమెంటుతో చేసేస్తామంటే ఒప్పుకోకండి, సున్నం పని తెలిసినవాళ్లనే పిలవండి. ఖర్చు గురించి పైఫ్లాట్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి. దస్తావేజుల్లో వేరేగా రాసి లేకపోతే 2004 టెనెమెంట్ల చట్టం ప్రకారం మరమ్మతులు మెజారిటీ ఓటుతో తేలతాయి. కప్పు కారితే కింది ఫ్లాట్ వాళ్లకూ వాటా ఉంటుంది.

ఊరు మొత్తం కలిసి చేయగలిగిన పెద్ద పనులు రెండున్నాయి. మొదటిది లోకల్ ప్లేస్ ప్లాన్. 2019 చట్టంతో వచ్చింది. ఊరివాళ్లే తమ ఊరి ప్లాన్ రాసుకుని రిజిస్టర్ చేయిస్తే, కౌన్సిల్ తన డెవలప్‌మెంట్ ప్లాన్ (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పేది) తయారుచేసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఉన్నదున్నట్టు పాటించాలని లేదు, పక్కన పడేయడానికి మాత్రం వీల్లేదు. ఇళ్లు ఎక్కడ వద్దో చెప్పే ప్లాన్లకు పెద్దగా విలువ ఉండదు. ఎక్కడ కావాలో, ఎవరి కోసం కావాలో చెప్పే ప్లానే ఆఫీసర్ల చేతిలో పనికొస్తుంది. మేం రాసుకునేటప్పుడు హైస్కూల్ పిల్లలను కూడా కూర్చోబెట్టాం. పెద్దవాళ్లంతా పార్కింగ్ గురించి మాట్లాడితే పిల్లలు సాయంత్రం బస్సుల గురించి, వాన పడితే కూర్చునే చోటు గురించి అడిగారు. ఆ రెండూ ప్లాన్‌లోకి ఎక్కాయి.

రెండోది కొనుగోలు హక్కు. 2003 భూసంస్కరణ చట్టం పల్లెలకు ఇచ్చిన ఈ హక్కును 2015 కమ్యూనిటీ ఎంపవర్‌మెంట్ చట్టం పట్టణాలకూ విస్తరించింది. ఊరి సంస్థ ఒక భవనం మీద తన ఆసక్తి రిజిస్టర్ చేయించుకుంటే, యజమాని అమ్మకానికి పెట్టినప్పుడు కొనే అవకాశం ముందుగా ఆ సంస్థకే ఇవ్వాలి. ఎడిన్‌బరోలోని పోర్టొబెల్లో పేటలో జనం మూతబడ్డ పాత పారిష్ చర్చిని ఇలాగే 2017లో కొని, 2018లో బెల్‌ఫీల్డ్ అన్న పేరుతో తెరిచారు. పట్టణ ప్రాంతంలో ఈ హక్కు వాడుకుని కొన్న మొదటి భవనం అదే. డబ్బు కోసం స్కాటిష్ ల్యాండ్ ఫండ్ ఉంది. డంఫ్రీస్‌లో మిడ్‌స్టీపుల్ క్వార్టర్ అనే ఊరి సంస్థ హై స్ట్రీట్‌లో ఖాళీగా పడున్న భవనాలను చేతిలోకి తీసుకుని, కింద వ్యాపారాలు, పైన ఇళ్లు పెట్టే పని చేస్తోంది. చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ ఇప్పుడు చాలా భవనాలు అమ్ముతోంది కాబట్టి మీ ఊళ్లో మళ్లీ ఇలాంటిది తప్పకుండా వస్తుంది. ఈసారి అమ్మకం బోర్డు పెట్టకముందే కదలండి.

ఇక మీ హాలు సంగతి. అది లిస్టెడ్ భవనమా (అంటే చారిత్రక కట్టడంగా ప్రభుత్వ జాబితాలో ఉన్నదా), కన్సర్వేషన్ ఏరియాలో (అంటే పాత రూపు కాపాడాలని గుర్తించిన ప్రాంతంలో) ఉందా అన్నది ముందు చూడండి. లిస్టెడ్ అయితే లోపలి మార్పులకు కూడా విడిగా అనుమతి కావాలి. లిస్టెడ్ కాకపోయినా కన్సర్వేషన్ ఏరియాలో ఉంటే పడగొట్టడానికి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. అలాంటప్పుడు 'ఫ్లాట్లు వద్దు' అని రాయకండి. 'ఫ్లాట్లు కావాలి, హాలును నిలబెట్టి దాంట్లోనే కట్టొచ్చా లేదా చూశారా, చూస్తే ఆ లెక్కలు ఎక్కడ?' అని రాయండి. ఆ ప్రశ్న అడిగితే జవాబు చెప్పాల్సింది కంపెనీయే. అప్లికేషన్‌ను పరిశీలించే కౌన్సిల్ ఉద్యోగి, అంటే కేసు ఆఫీసర్, పేరు అప్లికేషన్ పేజీలోనే ఉంటుంది, ఫోన్ చేస్తే మాట్లాడతారు, మొహమాటపడకండి. డ్రాయింగుల్లో చెత్త డబ్బాలు ఎక్కడ పెట్టారో, లారీ ఎటు నుంచి వచ్చి వాటిని తీస్తుందో కూడా చూడండి, చిన్న స్థలాల్లో లెక్క తప్పేది తరచుగా అక్కడే. అనుమానం ఉంటే ఆ షీటు ఫొటో ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.