పెన్సిలు పక్కన పెట్టు, తల్లీ

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. నీకు ఉద్యోగం వచ్చిందని చెప్పగానే గర్వంతో నా కళ్ళు చెమర్చాయి. చేరేలోగా కనుబొమలకు పచ్చబొట్టు వేయించుకుని, కనురెప్పలకు కృత్రిమ వెంట్రుకలు అతికించుకుంటావని కూడా చెప్పింది. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. కనుబొమల చివరలు పలచబడ్డాయట, ముఖం కడిగినప్పుడల్లా రెప్పల వెంట్రుకలు చేతికి వస్తున్నాయట. అయిదు నెలలుగా! ఇంతకాలం ఎవరికీ చెప్పకుండా ఎలా ఉన్నావమ్మా?

దాచుకోవడం నా దగ్గరే నేర్చుకున్నావేమో. ఆరేళ్ళప్పుడు, నేను అద్దం ముందు కూర్చుని కనుబొమలు దిద్దుకుంటుంటే, నా ఒడిలోకి దూరి నీకూ గీయమని మారాం చేసేదానివి. ఒత్తుగా ఉన్న నీ కనుబొమల మీద ఉత్తుత్తి గీత గీసేదాన్ని. ఆ పెన్సిలు నా చేతికి ఎందుకు వచ్చిందో నీకెప్పుడూ చెప్పలేదు.

అప్పుడు నాకు 38 ఏళ్ళు. రెండు కనుబొమల్లోనూ బయటివైపు మూడోవంతు రాలిపోయింది. తరచూ దిద్దించుకోవడం వల్లేనని సర్దిచెప్పుకుని పెన్సిలు కొన్నాను. అందరికీ ఉక్కపోస్తుంటే నాకు చలేసేది. గొంతు బొంగురుపోయింది, ముఖం ఉబ్బింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అన్నిటికీ ఇంటి చాకిరీనే కారణం చేశాను. రోజురోజుకీ గీత కొంచెం పొడుగు చేస్తూ మూడేళ్ళు గడిపాను. అలసటతో నిన్ను ఎన్నిసార్లు కసిరానో! తలుపు వెనక నక్కి ఏడ్చేదానివి. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె పిండేసినట్టవుతుంది. చివరికి కళ్ళజోడు కోసం వెళ్ళినప్పుడు, కంటి డాక్టరు దూదితో ఆ గీత తుడిచి చూసి, థైరాయిడ్ పరీక్ష చేయించుకోమన్నారు. థైరాయిడ్ గ్రంథి మందగించిందని తేలింది. లెవోథైరాక్సిన్ మాత్ర పరగడుపున వేసుకోవడం మొదలుపెట్టిన కొన్ని నెలలకు వెంట్రుకలు మొలిచాయి. ఎడమ కనుబొమ చివర మాత్రం ఇప్పటికీ పలచనే.

నీకూ అదే ఉందని అనడం లేదు. గుండ్రంగా మచ్చలా రాలితే పేనుకొరుకుడు కావచ్చు. పొద్దున్నే రెప్పలు ఎర్రబడి, వెంట్రుకల మొదట్లో పొట్టు కనిపిస్తే అది రెప్పల అంచు వాపు. దానికి గోరువెచ్చని నీటిలో ముంచిన శుభ్రమైన గుడ్డ కాపడం పెట్టి, అంచులు మెల్లగా తుడవాలి. ఆ వాపు మీద జిగురు పెట్టించుకుంటే ఉన్నవీ ఊడతాయి. తెలియకుండా నీ వేళ్ళే పీకుతుంటే సిగ్గుపడకు, నేను తిట్టను. దానికి మాటలతో చేసే మానసిక చికిత్స ఉంది. ఒక్కచోటే వెంట్రుకలు పోయి అక్కడ మానని గడ్డ కనిపిస్తే మాత్రం ఒక్క వారం కూడా ఆగవద్దు. రెప్ప మీద వచ్చే క్యాన్సర్ అలా కూడా మొదలవవచ్చు.

బిమాటోప్రోస్ట్ చుక్కల గురించి అడిగావట. రెప్పల వెంట్రుకలు పెరగడానికి అమెరికాలో 2008లో అనుమతి పొందిన మందు అది. పూర్తి ఫలితానికి 16 వారాలు పడుతుంది, ఆపితే మళ్ళీ మొదటికే వస్తుంది. కనుపాప చుట్టూ ఉండే రంగు శాశ్వతంగా ముదరవచ్చు, రెప్పల చుట్టూ కొవ్వు తగ్గి కళ్ళు లోతుకు పోవచ్చు. డాక్టరు చెప్పకుండా ముట్టుకోకు.

ఇంకొక మాట. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నావు కదా? అవి థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తప్పుగా చూపించగలవు. రక్తం ఇచ్చే ముందు డాక్టరుకు చెప్పి, ఎన్నాళ్ళు ఆపాలో అడుగు.

పచ్చబొట్టు వద్దని కాదు. కారణం తెలిశాక నీ ఇష్టం. ఈలోగా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళు. ఆ రోజు పెన్సిలు పెట్టుకోవద్దు, కాటుక వద్దు. ముఖం ఉన్నదున్నట్టు చూపించు. ఏ రోజు వెళ్తున్నావో ముందు చెబితే నేనూ వస్తాను, బయట బల్ల మీద కూర్చుంటాను.

నీ పెద్దమ్మ